జీలుగు చెట్టు కింద మొదటి దొప్ప

హేమా, బొర్రా స్టేషన్లో దిగే నా కాలేజీ స్నేహితుల కోసం వెళ్తున్నాను. అక్కడినుంచి కొండదారిన నడిచి, సాయంత్రానికి నాన్న కల్లు గీసే జీలుగు చెట్టు దగ్గరికి చేరతాం. అడ్డాకుల దొప్పలు కుట్టి ఉంచు. కల్లు తాగనివాళ్లకు చోడి అంబలి కాచు.

"సదువుకున్నోలు వత్తన్నారు, నాను పొలానికెలిపోతాను" అని నాన్న అంటున్నాడు. వెళ్లనివ్వకు. గీసినవాడు మొదటి దొప్ప తాగాకే మన దగ్గర ఎవరైనా ముట్టుకుంటారని వాళ్లకు చెప్పాను. ఆయన లేకపోతే ఇంత నడిచొచ్చి అందరం దాహంతో కూర్చోవాలి. ఆ కల్లే నన్ను డిగ్రీ చదివించిందని కూడా చెప్పాను.

అక్క

ఉండడానికి ఒప్పుకున్నాక నాన్న తెల్లచొక్కా వెతుక్కుంటాడు, దాచెయ్. నడుముకు కత్తితో చెట్టు దిగుతుండగానే వాళ్లు ఆయన్ని చూడాలి.