మూత తీసిన క్యాన్

మార్చి 3, సోమవారం

తమ్ముడి షుగర్ 24. అదీ పరగడుపున. మెషిన్ చెడిపోయిందేమోనని నా వేలు గుచ్చుకుని చూసుకున్నాను. 5. మా మెషిన్ లెక్కలో పరగడుపున ఏడు దాటితేనే షుగరు జబ్బు. మెషిన్ బాగానే ఉంది.

మా తమ్ముడు పెసమినోకి ఇరవై ఆరేళ్లు. ఊరి రగ్బీ టీమ్‌లో ముందు వరసలో ఆడతాడు. నేను జిల్లా ఆసుపత్రిలో షుగర్ పుళ్లకు కట్లు కట్టే నర్సును. పన్నెండేళ్లుగా ఊళ్లోవాళ్ల కాళ్లు చూస్తున్నాను. ఇంట్లో వాడి దాహం మాత్రం నాకు కనబడలేదు. సిగ్గుగా ఉంది.

రోజుకు ఎన్ని తాగుతున్నావురా అంటే నాలుగు అన్నాడు. ఆ నల్ల క్యాన్ల ఎనర్జీ డ్రింకు. ప్రాక్టీసుకు వచ్చినవాళ్లకు సోలోమోనా ఊరికే పంచుతాడు. మా దీవి మొత్తానికి ఆ డ్రింకు ఏజెంటు ఆయనే. ఊరి పెద్దల్లో ఒకడు కూడా.

మార్చి 5

క్యాన్ వెనక అంకెలు చదివాను. అర లీటరు క్యాన్‌కు 55 గ్రాముల చక్కెర. చెంచాతో గ్లాసులో పోశాను. దాదాపు పద్నాలుగు చెంచాలు. కెఫీన్ సంగతి వేరే. నాలుగు క్యాన్లకు గ్లాసు చాలలేదు, గిన్నె తెచ్చాను. వాడి ముందు పెట్టి, తిను అన్నాను.

వాడు నవ్వాడు. అక్కా, ఇది వంటింటి చక్కెర, అది ఎనర్జీ, రెండూ ఒకటెలా అవుతాయే అన్నాడు. సోలోమోనా చెప్పాడట.

డాక్టరు మాత్రలు రాశాడు. తీపి డ్రింకులు ఒక్క చుక్క వద్దన్నాడు. ఇలాగే సాగితే కళ్లు, కిడ్నీలు, కాళ్లు అని వరస చెప్పాడు. పెసమినో భయపడ్డాడు. మానేశాడు కూడా.

మార్చి 7

సోలోమోనా ఆసుపత్రికి వచ్చాడు. ఎప్పటిలాగే వెనక తలుపు నుంచి. నాలుగేళ్లుగా ఆయన షుగర్ మాత్రలు మా దగ్గరే తీసుకుంటున్నాడు, ఊళ్లో ఎవరికీ తెలియదు. తను అమ్మేది ఒక్క గుక్క తాగడు. కారు నిండా మంచినీళ్ల సీసాలు.

నా తమ్ముడికి షుగరొచ్చింది తెలుసా అన్నాను. అయ్యో, ఈ కాలం కుర్రాళ్లకు తిండి దగ్గర అదుపు లేదమ్మా, చేమదుంప తగ్గించమను అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఈయన్ని పదిమంది ముందూ కూర్చోబెట్టి ఆ క్యాన్ తాగించాలి.

మార్చి 8

ఎలాగన్నదే తేలడం లేదు.

మార్చి 10

తేలింది.

సోలోమోనా బడికి నీళ్ల ట్యాంకు ఇచ్చాడు. దాని మీద మనిషంత ఎత్తున నల్ల క్యాన్ బొమ్మ. శనివారం ఊరు ఆయనకు సువా, అంటే పెద్ద అతిథికిచ్చే కానుకలు, ఇచ్చి గౌరవిస్తుంది. కానుకల ఊరేగింపులో అన్నిటికంటే ముందు నడిచేది తాగే కొబ్బరికాయ. మా అమ్మమ్మ కాలంలో కాయకు కన్ను పొడిచి తెచ్చేవారు, అతిథి అందరి ముందూ తాగేవాడు. ఇప్పుడు చెట్టెక్కే ఓపిక ఎవరికుంది? కాయ బదులు క్యాన్ తెస్తాం. మూత తీయం. అతిథి పక్కన పెట్టుకుని ఇంటికి పట్టుకుపోతాడు.

మూత తీసి ఇస్తే? తాగకపోతే ఊరిని అవమానించినట్టే.

ఆడవాళ్ల కమిటీ పెద్ద మలాయియా అత్త దగ్గరికి వెళ్లి, క్యాన్ నేను పట్టుకొస్తానన్నాను. ఎన్నడూ లేనిది నీకింత భక్తి ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందే అని ఎగతాళి చేసింది. కొత్త గౌను కుట్టించుకున్నాను, చూపించుకోవద్దా అన్నాను. సరేలే, గౌను తొక్కుకుని పడి మా పరువు తీయకు అంది.

మార్చి 12

రోగి గుట్టు వాడుకుంటున్నాను. తెలుసు. ఉద్యోగం పోతుంది. పోనీ.

ఆయన షుగర్ 15. ఒక్క క్యాన్‌కు చావడు. నాలుక పిడచగట్టుకుపోతుంది, తల తిరుగుతుంది. నాకు అంతే కావాలి.

మార్చి 15, శనివారం, సాయంత్రం ఐదు

ఆయన తాగలేదు.

పచ్చిక మధ్యకు వచ్చాక, అందరికీ వినబడేలా మూత లాగాను. పాతకాలపు మర్యాద అని ముసలివాళ్లు మెచ్చుకున్నారు. రెండు చేతులతో అందించాను. సోలోమోనా ముఖం పాలిపోయింది. నా కళ్లలోకి చూశాడు, అంతా అర్థమైంది. ఆ ఒక్క నిమిషం నాకెంత హాయిగా ఉందో రాయకుండా ఉండలేను.

అప్పుడాయన నవ్వాడు. ఇంత మర్యాదకు నేనెక్కడ తగుతాను, మన టీమ్‌ను భుజాల మీద మోసేవాడు అదిగో ఆ మూల కూర్చున్నాడు, ఇది వాడిది, రారా పెసమినో అన్నాడు.

అతిథి తన పానీయాన్ని నచ్చినవాడికి ఇవ్వొచ్చు. అదీ మా ఆచారమే. మూత తీయని క్యాన్లకు అలవాటుపడి మర్చిపోయాను.

సువా పట్టుకొచ్చినవాళ్లకు నోరుండదు. పెద్దల మాటలు అయ్యేదాకా బొమ్మలా నిలబడాలి. అరవొచ్చు. అరవలేదు. ఊరి ముందు పరువు చూసుకున్నాను. కనబడీ కనబడకుండా తల అడ్డంగా ఊపాను, అంతే. వాడు నా వైపు చూసి నవ్వి, క్యాన్ ఎత్తి గడగడా తాగేశాడు. ఊరంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా సోలోమోనా.

సోమవారం పక్క దీవిలో, రాజధాని అపియాలో మ్యాచ్ ఉంది. టీమ్ అటునుంచి అటే ఫెర్రీ ఎక్కేసింది. వాడు ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 18, మంగళవారం

టీమ్‌వాళ్లు వాణ్ణి ట్రక్కులో పడుకోబెట్టి తెచ్చారు. మెషిన్‌లో అంకె రాలేదు. అది కొలవగలిగినదానికి పైనే ఉంది. మూడు రోజుల్లో పదకొండు క్యాన్లట. మాత్రలు ఇంట్లోనే వదిలి వెళ్లాడు.

సెలైన్ ఎక్కిస్తున్నంతసేపూ సోలోమోనాని ఎలా చంపాలా అనే ఆలోచించాను.

మార్చి 19

తెల్లవారాక స్పృహ వచ్చింది. డాక్టరు అంత చెప్పాక కూడా మళ్లీ ఎందుకు మొదలుపెట్టావురా అని అడిగాను.

మూత నువ్వే తీశావు కదక్కా, ఇక తాగొచ్చేమో అనుకున్నాను అన్నాడు.