చెక్కపీట కింద ఒడిబియ్యం

పటాన్‌చెరు,
మంగళవారం.

ప్రియమైన చంద్రన్నకు,

ఫోన్ చేయవచ్చు గానీ, ఫోన్‌లో నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు. సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా టీవీ చర్చలకు వెళ్లి కూర్చుని, ఎదుటివాళ్ల మాట మధ్యలో అందుకోవడం నీకు అలవాటైపోయింది. కాగితానికైతే అడ్డుపడలేవు కదా అని రాస్తున్నాను.

శుక్రవారం చర్చకు నన్ను కూడా రమ్మన్నావు. వచ్చి మా ఫ్యాక్టరీ తరఫున నాలుగు మాటలు చెబితే అంతా సర్దుకుంటుందన్నావు. నేను రాను. ఎందుకు రానో చెబుతాను, ఓపిగ్గా చదువు.

ఆ మధ్య ఒక ఆదివారం మా ఇంటికొచ్చావు. కోడికూర, జొన్నరొట్టెలు చేశాను. తింటుంటే ఉబుసుపోక కబుర్లలో మా ఫ్యాక్టరీ మందు డ్రమ్ముల సంగతి చెప్పాను. మేం చేసే ఫిట్స్ మందు పొడిని యూసుఫ్ గారు ఏళ్లుగా కొంటున్నారు. దానితో తన దేశంలో బిళ్లలు చేయిస్తారు. ఆయన కూతురు సల్మా కూడా ఆ బిళ్లల మీదే ఉంది. పెద్ద దేశాలు అక్కడి నియంతను దింపుతామని విమానాలు పంపిన రోజు నేనూ సంబరపడ్డాను, అబద్ధమెందుకు. యూసుఫ్ గారు కూడా ఇక మంచి రోజులొస్తాయని మెయిల్ రాశారు. తర్వాత వాళ్ల రేవు మీదే బాంబులు పడ్డాయి. మందులకు మినహాయింపు ఉందని ఆంక్షల ఆదేశాల్లో రాశారు గానీ, ఆ దేశం పేరు వింటేనే బ్యాంకులూ ఓడలవాళ్లూ చేతులెత్తేశారు. నానా తిప్పలు పడి పక్క దేశం రేవు దాకా ఓడలో, అక్కడి నుంచి లారీలో పంపే దారి వెతుక్కున్నాం. అన్నీ నేను చూసి సంతకం పెట్టిన సక్రమమైన కాగితాలే. సద్దు లేకుండా జరిగిపోవాల్సిన పని, అంతే.

మర్నాడు నువ్వు టీవీలో, "సామాన్యులకు మందులేమీ ఆగలేదు. స్వయంగా మా చెల్లెలి ఫ్యాక్టరీ నుంచి పక్క రేవు మీదుగా వెళుతూనే ఉన్నాయి" అన్నావు. యుద్ధం మంచిదేనని నిరూపించడానికి నీకు మా డ్రమ్ములు దొరికాయి. నీ ఎదురుగా కూర్చున్నాయన ఊరుకుంటాడా? "దొడ్డిదారిన నియంతకు సరుకు పంపుతున్నారన్నమాట" అన్నాడు. తెర కింద పెద్ద అక్షరాలతో అదే మాట వేసి, చివర ఒక ప్రశ్నార్థకం తగిలించారు. యుద్ధం కావాలన్నవాడూ వద్దన్నవాడూ మా డ్రమ్ముల మీదే కొట్టుకున్నారు. ఆ ముక్క ఫోన్లలో తిరిగి తిరిగి ఓడలవాళ్ల దాకా పోయింది. వాళ్లు భయపడి సరుకును లారీ ఎక్కనివ్వకుండా ఆ పక్క రేవు అధికారులకు అప్పగించేశారు. అక్కడివాళ్లు అన్నీ తిరగేసి చూస్తే డ్రమ్ములు నిలబెట్టే చెక్కపీట కింద పసుపు బియ్యం మూట దొరికింది.

అది కట్టింది మా ప్యాకింగ్‌లో పనిచేసే బీరమ్మ. డ్రమ్ముకు బొట్టు పెట్టనివ్వరు, మందు కదా. అందుకని లారీ ఎక్కే ముందు పీటకు బొట్టు పెట్టి, కింద ఇంత ఒడిబియ్యం గుడ్డలో కట్టేది. ఇదేందని ఒకసారి అడిగితే, "ఆడివిల్లను వట్టి చేతుల్తోని పంపుతమా బిడ్డా, అంత దూరం పోతున్నది" అంది. నేనూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను. వేరే దేశంలోకి గింజ పోవాలంటే కూడా లెక్కలుంటాయని ఆమెకు తెలియదు. నాకు తెలిసీ తట్టలేదు. ఆ బియ్యం అక్కడ ఎవరు ఊడ్చి పారేస్తారోనని మాత్రం అప్పుడప్పుడు అనుకునేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న ఆ మూట బొమ్మ టీవీలో చూపించి, ఏముందందులో అని గంటసేపు చర్చ పెట్టారు. నీ పక్కనున్న పెద్దమనిషి అది రహస్య సంకేతమన్నాడు. నువ్వు పక్కనే కూర్చుని నీళ్లు తాగావు. అన్నా, అది ఏమిటో నీకు తెలియదా? పోయిన ఏడు అమ్మ నా ఒడిలో బియ్యం పోస్తుంటే పళ్లెం పట్టుకున్నది నువ్వే కదా. డ్రమ్ముల గురించి మాట్లాడినందుకు నాకు కోపం వచ్చింది. ఆ నీళ్లు తాగినందుకు మాత్రం ఏడుపొచ్చింది.

ప్యాకింగ్ లైన్ ఆపేశారు. ఆడవాళ్లందరినీ మళ్లీ చెప్పేదాకా రావద్దన్నారు. యూసుఫ్ గారి దగ్గర పొడి అయిపోవచ్చింది. దయచేసి ఇక ఈ విషయంలో నోరెత్తకు. చాలా అలసిపోయాను.

నీ చెల్లెలు,
అంకిత.

&nbsp;

హైదరాబాద్,
గురువారం.

అంకీ,

నీ ఉత్తరం స్టాఫ్‌రూమ్‌లో చదివాను. తర్వాత క్లాసులో ఏం చెప్పానో గుర్తులేదు.

నీళ్లు తాగిన మాట నిజం. కోటు వేసుకుని, మొహానికి పౌడరు రాయించుకుని కూర్చున్నాక, ఒడిబియ్యం అనడానికి నోరు రాలేదు. నవ్వుతారనిపించింది. యుద్ధం గురించి గంటలు గంటలు చెప్పగలిగిన వాణ్ని, మన ఇంటి బియ్యం గురించి ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

నోరెత్తవద్దన్నావు. కానీ ఇప్పుడు ఊరుకుంటే ఆ సంకేతం మాటే నిజమైపోతుంది. రేపు ఒక్క మాట చెబుతాను. డ్రమ్ముల సంగతి ఎత్తను, ఓడల సంగతి ఎత్తను. ఆ మూట ఏమిటో మాత్రం చెప్పి లేచి వస్తాను. ఇందువల్ల ఎవరికీ నష్టం లేదు. కాదనకు.

నీ అన్న,
చంద్రకాంత్.

&nbsp;

పటాన్‌చెరు,
ఆదివారం.

చంద్రన్నకు,

నీకు చాలా రోజులుగా రాయలేదు. కోపంతో కాదు. ఏం రాయాలో తేలక.

ఆ శుక్రవారం నేనూ మా ఆయనా టీవీ ముందే కూర్చున్నాం. "అది ఒడిబియ్యం. మా అమ్మ నా చెల్లెకు పోస్తది. ఆడిబిడ్డ ఎక్కడున్నా సల్లగుండాలని పోస్తరు. ఇంతకు మించి ఏం లేదు" అన్నావు. టీవీలో నువ్వు మన మాట మాట్లాడగా వినడం అదే మొదటిసారి. అవతల ఒకాయన నవ్వాడు. చర్చ నడిపే అమ్మాయి బ్రేక్ అంది. బ్రేక్ తర్వాత నీ కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. మళ్లీ నిన్ను పిలవలేదని వదిన చెప్పింది. నాకు గర్వంగా అనిపించింది, ఆ మాట నీకు చెప్పాలనే ఉత్తరం మొదలుపెట్టాను.

మిగతాది కూడా చెప్పాలి. ఒడిబియ్యమంటే కట్టింది ఆడవాళ్లేనని మా ఫ్యాక్టరీవాళ్లకు తెలిసిపోయింది. ఎవరు కట్టారని అడిగితే బీరమ్మ తనే ముందుకొచ్చి ఒప్పుకుంది. లైన్ మళ్లీ మొదలైంది, అందరినీ పిలిచారు, ఆమెను తప్ప. నేను వెళ్లి మేనేజరుతో మాట్లాడాను. ఆ పీటను చూసి పంపినట్టు కాగితాల మీద నీ సంతకం కూడా ఉంది కదమ్మా అన్నాడు. నోరు మూసుకుని వచ్చేశాను. నువ్వు చెప్పింది నిజం. మంచికే చెప్పావు. ఈ వ్యవహారంలో విమానాలు పంపినవాళ్లతో సహా చెడుకు చేశామన్నవాళ్లు ఎవరూ లేరు.

టీవీవాళ్లకు ఆ తర్వాత ఎవరో సినిమావాళ్ల విడాకులు దొరికాయి. ఆ రేవులో కూడా మా డ్రమ్ముల మీద పట్టింపు పోయినట్టుంది, పీటలకు పురుగుల మందు కొట్టి వదిలేశారు. నిన్న యూసుఫ్ గారి దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. సరుకు చేరింది. ఆలస్యంగా చేరింది. మందు లేని రోజుల్లో సల్మాకు వంటింట్లో ఫిట్స్ వచ్చి పొయ్యి మీద పడిందట. చేయి కాలింది, వేళ్లు ఇంకా ముడుచుకుపోయి ఉన్నాయట. ప్రాణానికి భయం లేదని రాశారు.

కింద ఇంకో సంగతి ఉంది. అది చదివి నేను బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు ఉండిపోయాను. సరుకు వచ్చిన ప్రతిసారీ పీట కింద మూట విప్పి ఇంటికి తీసుకెళ్లేవారట. వాళ్లావిడ ఆ బియ్యాన్ని తమ బియ్యంలో కలిపి వండి, ఇంటిల్లిపాదికీ పెట్టేదట. మనం చేసినట్టే, ఎవరూ చెప్పకుండానే. ఈసారి బొట్టు ఉంది గానీ మూట లేదట. "అక్కడి ఆడవాళ్లకు మా మీద కోపం వచ్చిందా అని మా ఆవిడ అడగమంది" అని రాశారు.

సాయంత్రం బీరమ్మ ఇంటికి వెళ్లి చెప్పాను. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. విని, చేతిలోని గింజను చాటలో పడేసింది. తర్వాత, "కోపమెందుకు బిడ్డా, వాళ్లేం జేసిండ్రు? గా పోరి చెయ్యి మంచిగైందా అడుగు" అంది. నీ గురించి కూడా అడిగింది. మీ అన్న ఇగ టీవీల వస్తలేడేందని. నేను బయల్దేరుతుంటే లోపలికి వెళ్లి పసుపు కలిపిన బియ్యం మూట కట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. వద్దనలేకపోయాను.

ఆ మూట ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది. పీట కింద కట్టలేను. పారేయనూ లేను. యూసుఫ్ గారి ఆవిడకు ఇంకా జవాబు రాయలేదు. ఏం రాయమంటావో చెప్పు. టీవీలో కాదు, ఇంటికొచ్చి నాకు చెప్పు.

నీ
అంకి.