మాల వేసుకున్న పేకాట

గుడివాడ, డిసెంబరు 2003, గురువారం

అయ్యప్ప మాల వేసుకున్న దగ్గర్నుంచి మా ఆయన మందు ముట్టలేదని వీధంతా మురిసిపోతోంది. మధ్యాహ్నం భిక్షకి వంట చేసి ఎంతసేపు చూసినా రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే, రైస్ మిల్లు వెనక షెడ్డులో నల్లబట్టలతో పేకాడుతున్నాడు. "స్వామీ, మీ ఆటేనండీ" అంటున్నాడు పక్కవాడు భక్తిగా!

నన్ను చూసి సిగ్గయినా పడలేదు. "మందు మానేశాను కదా మాతా, ఇంకేం కావాలి?" అన్నాడు. ముక్క ఎత్తుతుంటే వేళ్ళు వణికాయి, అచ్చం సీసా మూత తిప్పేటప్పుడు వణికినట్టే. ఆ రోగమే ఇప్పుడు నల్లచొక్కా తొడుక్కుంది. దేవుడికి సీసా సంగతి ఒక్కటే మొక్కుకున్నాడు కాబోలు, తెలివైనవాడు.

అత్తయ్యకి చెబితే, "పోనీలేమ్మా, తాగట్లేదుగా" అంది. మాల తీశాక రెండూ కలిపి మొదలెడితే...

రేపు పొద్దున్నే తలస్నానం చేసి, స్వామి కదా, ఆ కాళ్ళకే దణ్ణం పెట్టాలి.