ఐదో సీసా వాసన

జనవరి 20, ఆదివారం

నాకు డైరీ రాసే అలవాటు లేదు. మనసులో ఉన్నది ప్రార్థనలో చెప్పుకోవడమే తెలుసు. కానీ జూన్ నుంచి ఒకే మాట చెప్పి చెప్పి దేవునికే విసుగు పుట్టిస్తున్నానేమో అనిపిస్తోంది. మనుషులెవరికీ చెప్పనని కోలిన్‌కు మాటిచ్చాను. కాగితం మనిషి కాదు కదా.

కోలిన్‌కు వాసన తెలియదు.

జూన్‌లో, వైన్ చేసే షెడ్‌లో ట్యాంకు నిచ్చెన మీంచి వెనక్కి పడ్డారు. తల వెనక దెబ్బ. కుట్లు మానాయి, జుట్టు మొలిచింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. నిన్న వంటింట్లో రొట్టె బొగ్గయింది. నేను పెరట్లో ఉన్నాను. పరుగెత్తుకొచ్చేసరికి పొయ్యికి వీపు పెట్టి కూర్చుని పేపరు చదువుతున్నారు. నన్ను చూసి, ఏమైంది, అన్నారు. తర్వాత పొగ చూసి తల దించుకున్నారు.

వైన్ చేసే మనిషికి ముక్కు పోవడమంటే ఏమిటో ఈ లోయలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

జనవరి 29

అడిలైడ్‌లో డాక్టరుకు చూపించాం. ఇన్నాళ్లకు రానిది ఇకముందు వస్తుందని చెప్పలేనన్నాడు. తిరుగుదారిలో గాలర్ ఊరు దాటాక కోలిన్ ఒక్క మాటన్నారు. మార్చిలో మన పాత ద్రాక్షతోట కోతకొస్తుంది, అప్పటికి వాసన తిరిగి రాకపోతే మన పేరుతో వైన్ ఉండదు జూలీ.

ఆ తీగలు ఆయన ముత్తాత నాటినవి. ఒక్కో మొదలు నా నడుమంత ఉంటుంది.

ఫిబ్రవరి 3, ఆదివారం

ఆరాధన నుంచి వచ్చాక కోలిన్ ఐదు సీసాలు తీయమన్నారు. నేను వెనక నిలబడి పోయాలి, ఆయన చూడకుండా చెప్పాలి. ఈ నెల పదిహేనున చర్చి హాలులో షిరాజ్ బల్ల, అంటే ఎర్రవైన్ రుచిపోటీ, ఉంది. దానికి సాధన.

ఏటా కోతకు ముందు లోయలో పేరున్న ఎనిమిది ఇళ్లవాళ్లు తమ తమ మేలైన షిరాజ్, అందరూ ఒకే ఏటిది, తెస్తారు. సీసాలకు ఫుట్‌బాల్ క్లబ్ వాళ్ల పాత మేజోళ్లు తొడుగుతాం. నంబరు తప్ప ఇంకేమీ కనపడదు. అందరూ రుచి చూసి వరస కడతారు. పెద్దకుర్చీలో ఉన్నవారు ముందు మాట్లాడాలి. మామగారు పోయినప్పటి నుంచి ఆ కుర్చీ కోలిన్‌దే.

ఎర్రమట్టి నేల ఎబెనీజర్ వైన్‌నీ కొండమీది ఈడెన్ వ్యాలీ వైన్‌నీ తేలిగ్గానే పట్టేశారు. ఎర్రమట్టిది నూనెలా నాలుక మీద కూర్చుంటుందట. కొండమీదిది సన్నగా దవడల పక్క పులుపై గుచ్చుతుందట. వగరు తెలుస్తుంది, మంట తెలుస్తుంది, మిగతాదంతా ఖాళీ గది, అన్నారు. లిండాక్ ఊరిది మెత్తన కాబట్టి అదీ తెలుసుకున్నారు. చిక్కల్లా మాదానికీ గ్రీనాక్ ఊళ్లో కోలిన్ స్నేహితుడు మెర్వ్ చేసేదానికీ మధ్యనే. రెండూ చిక్కనే, రెండింటికీ ఒకే వగరు. తేడా అంతా వాసనలోనే. మాది నల్ల ప్లమ్ పండు ఎండబెట్టినట్టు ఉంటుంది. మెర్వ్‌ది ఎండకు కాలిన రేకు మీద మొదటి చినుకు పడ్డట్టు ఉంటుంది. వరసగా మార్చి మార్చి పోశాను. ప్రతిసారీ తప్పారు.

అప్పుడడిగారు. పోసేది నువ్వేగా, మెర్వ్‌ది అని నీకు వాసన తగలగానే నీ భుజం మీది తువాలు ఎడమవైపుకి మార్చు, అని.

నేను సీసా బల్ల మీద పెట్టేశాను. అబద్ధం కాదు జూలీ, తువాలు అంతే, అన్నారు. నా వల్ల కాదు, అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయనకు వినపడింది. సరేలే, అని గ్లాసులు తనే కడిగారు.

ఫిబ్రవరి 9

మేజోళ్లు ఉతికి ఆరేశాను. మెర్వ్ కంచె దగ్గర ట్రక్కు ఆపాడు. ఏమ్మా జూలీ, నీ మొగుడి ముక్కుకు ఈ ఏడైనా బుద్ధొచ్చిందా, లేక నా సీసాని మళ్లీ మూడో చోటుకి తోస్తాడా, అని అరిచాడు. పక్కన కూర్చున్న అతని భార్య గ్లెనిస్, ఆయన మాటలకేంలే, గెలుస్తాడట, వారం ముందే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు, అని నవ్వింది.

నేనూ నవ్వాను. వాళ్లు వెళ్లాక బట్టల తీగ పట్టుకుని కాసేపు నిలబడ్డాను.

ఫిబ్రవరి 16, శనివారం, పొద్దున

కోలిన్ ఇంకా లేవలేదు. ఎన్నడూ ఇంతసేపు పడుకోరు.

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాలు నిండింది. పొగబెట్టిన సాసేజ్, ఊరిన దోసకాయలు, గ్లెనిస్ చేసిన కేకు అన్నీ పక్క గదిలోనే ఉంచారు. రుచి చూడటం అయ్యేదాకా ఆ వాసన రాకూడదు. నేనూ గ్లెనిస్సూ పోశాం. పోసేవాళ్లు మాట్లాడకూడదు, మొహం కూడా ముడవకూడదు. మా మొహం చూసి సీసా కనిపెట్టేస్తారని పాతకాలం నుంచి వస్తున్న కట్టుబాటు. అసలు ఏ సీసాకు ఏ నంబరు పడిందో మాకూ తెలియదు. పాస్టర్ గారు తొడిగారు.

మొదటి నాలుగూ బాగానే జరిగాయి. రెండోది చూసి, ఇది కొండమీదిది, చలికాలం పొద్దున్నే లేచి మొహం కడుక్కున్నట్టుంది, అన్నారు కోలిన్. అందరూ నవ్వారు. మెర్వ్ మాత్రం, ఒరేయ్, నువ్వు మొహం కడుక్కోవడం ఎవడు చూశాడ్రా, అన్నాడు. మూడోది బాగా పండిపోయిన పళ్లతో చేశారన్నారు. నిజమే. నాలుగోది ఓక్ పీపాలో ఎక్కువ కాలం ఉందన్నారు. వగరును బట్టి చెప్పారని నాకు తెలుసు.

ఐదోది నేనే పోశాను. పోస్తుంటేనే కొట్టింది. తడిసిన అట్టపెట్టె వాసన, ఏళ్లుగా తలుపు తీయని నేలమాళిగ వాసన. కార్కు చెడి వైన్ పాడైన సీసా. అలాంటిది ఎప్పుడైనా ఒకటి వస్తుంది. పెద్దకుర్చీలో ఉన్నవారు గ్లాసు తోసేసి, ఇంకో సీసా తీయండి, అంటారు. అంతే. అదేమీ అవమానం కాదు.

కోలిన్ గ్లాసు ఎత్తారు. ముక్కు దగ్గర తిప్పారు, ఎప్పట్లాగే, కళ్లు మూసుకుని. ఒక గుక్క తీసుకున్నారు. చాలాసేపు నోట్లో ఉంచారు. నేను సీసా పట్టుకుని వెనక నిలబడ్డాను. ఆ వాసన నా వేళ్లకు కూడా పట్టింది. ప్రభువా, ఆ గ్లాసు కింద పడేట్టు చెయ్యి, అనుకున్నాను.

ఇదీ, అన్నారు కోలిన్. ఈ రాత్రికి ఇదే మేటిది. నాలుక మీద పట్టులా జారుతోంది. నేను చూస్తున్న ఇన్నేళ్లలో ఇంత నిండైనది రాలేదు.



టామ్సిన్ అని, లిండాక్‌లో కొత్తగా వైన్ చేస్తున్న అమ్మాయి, గ్లాసు దించి నోరు తెరిచింది. కోలిన్ గారూ, ఇది... అంది. మెర్వ్ బల్ల కింద ఆమె కాలు తొక్కడం నాకు కనపడింది. తర్వాత తన గ్లాసు తీసి ఖాళీ చేశాడు. రుచి చూసి ఉమ్మేయడమే పద్ధతి, అతను మింగాడు. ఒప్పుకుంటున్నాన్రా కోలిన్, అన్నాడు. పక్కనున్నాయన, అవును, ఇదే, అన్నాడు. ఆ పక్కాయన తల ఊపాడు. చివరికి టామ్సిన్ కూడా, నిండుగా ఉంది, అంది. కళ్లు ఎత్తలేదు.

ఎనిమిదీ అయ్యాక వరస కట్టారు. ఐదో సీసా మొదటిది. మాది ఆరోది, దానికి రెండో చోటు. పాస్టర్ గారు మేజోళ్లు తీశారు. ఐదోది మెర్వ్‌ది.

మెర్వ్ తన సీసా వైపు చూశాడు. పోయినేడు మూడో చోటు వస్తేనే బెంచీ ఎక్కి టోపీ ఊపుతూ పాడిన మనిషి. నిన్న లేచి కోలిన్‌తో చేయి కలిపి, థాంక్స్ రా, అని కూర్చున్నాడు. కొత్త చొక్కా మీద ఏదో దులుపుకున్నాడు.

ఇంటికొస్తుంటే కోలిన్ బండి మా తోట దగ్గర ఆపారు. మెర్వ్ నాతో ఎప్పుడైనా ఒప్పుకున్నాడా, అని అడిగారు. గెలిచి కూడా పాడలేదు, అన్నారు. ఏముంది ఆ ఐదో సీసాలో, అన్నారు.

చెప్పాను. కార్కు, అన్నాను.

స్టీరింగ్ మీద తల పెట్టుకున్నారు. ఏడ్వలేదు. అందరూ తాగారా, అని అడిగారు. తాగారు, అన్నాను. మెర్వ్ కూడానా. మెర్వ్ కూడా. పాపం వెధవ, వాడికి మొదటి చోటు ఇలాగే రావాలా, అన్నారు.

ఫిబ్రవరి 17, ఆదివారం

మా సంఘం లెక్కలో ఎనిమిదో ఆజ్ఞ గురించి ఆలోచించాను. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదు. చిన్నప్పుడు దానికి అర్థం కూడా కంఠతా పట్టించారు. పొరుగువాడి తరఫున మాట్లాడు, అతని గురించి మంచి చెప్పు, అని. రెండూ ఒకే ఆజ్ఞ కింద ఎలా ఇముడుతాయో యాభై ఏళ్లొచ్చినా నాకు తెలియలేదు. మెర్వ్ మా వెనక వరసలో కూర్చున్నాడు. కోలిన్ వెనక్కి తిరిగి పాటల పుస్తకం అందించారు. అతను పేజీ తెరవకుండానే పాడాడు.

ఫిబ్రవరి 24

ఏమీ లేదు. ఎండ.

మార్చి 2, శనివారం

మెర్వ్‌ను కోలిన్ తనే పిలిచారు. ఇద్దరూ పాత తోటలో వరసల మధ్య నడిచారు. నేను నీళ్లు పట్టుకుని వెనక వెళ్లాను. మెర్వ్ ఒక్కో చెట్టుకు ఒక పండు తుంచి నమిలి, గింజలు చేతిలో ఉమ్మి చూసుకున్నాడు. ఎప్పుడు కోద్దాం, అని కోలిన్ అడిగారు. మంగళవారం, అన్నాడు మెర్వ్. నేను గురువారం అనుకున్నా, అన్నారు కోలిన్. గురువారానికి పండి చస్తుందిరా, మంగళవారం, అన్నాడు మెర్వ్. ఆ గొంతులో పాత మెర్వ్ వినిపించాడు. కోలిన్ మొహంలో కాస్త నవ్వు చూశాను.

అప్పుడే అన్నారు. పళ్లన్నీ నీ షెడ్‌కే తీసుకుపో. నీ పేరుతో చెయ్యి.

మెర్వ్‌కు కోపమొచ్చింది. నీ పేరుతోనే చేస్తా, నా ముక్కు నీకు అరువిస్తా, ఎవడికి తెలుస్తుంది, అన్నాడు. కోలిన్ తల అడ్డంగా ఊపారు. నాకు తెలుస్తుంది కదరా, అన్నారు. నేను వాసన చూడనిదాని మీద నా పేరు వద్దు.

మెర్వ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఆ రోజు సీసా చెడిందని నేను ముందే అనాల్సింది, నా నోరు పెగల్లేదు, అన్నాడు. నువ్వు మింగావటగా, జూలీ చెప్పింది, దరిద్రంగా ఉందా, అని కోలిన్ అడిగారు. మా అత్త కాలిమేజోడు పిండి తాగినట్టుంది, అన్నాడు మెర్వ్. ఇద్దరూ నవ్వారు. మెర్వ్ మాత్రం నవ్వుతూనే అటు తిరిగిపోయాడు.

మార్చి 5

కోశారు. కోలిన్ గేటు దగ్గర నిలబడి ట్రక్కు మలుపు తిరిగేదాకా చూశారు. మా షెడ్ కడిగి తాళం వేశాను.

మార్చి 11

మెర్వ్ షెడ్‌కు వెళ్లాం. తొట్లలో పళ్లు పులిసి బుడబుడమని పొంగుతున్నాయి. కోలిన్ చొక్కా చేతులు మడిచి ఒక తొట్టి గోడకు చెవి ఆనించారు. ఇంకోదానికి, ఆ తర్వాత ఇంకోదానికి. మూడోదాని దగ్గర ఆగిపోయారు. కళ్లు మూసుకున్నారు. ఇది మనది జూలీ, గొంతు గుర్తుపట్టాను, అన్నారు.

దాని మీద సుద్దతో మెర్వ్ ఊరి పేరు, గ్రీనాక్ అని, రాసి ఉంది. మాది ఆ పక్కది.

అవును, అన్నాను.

ఈ కాగితాలు ఎవరి చేతికైనా దొరికితే పారేయకండి, దాచండి. ఎవరికీ చూపించొద్దు. కోలిన్‌కు అసలే వద్దు.