మూర అంటే పద్దెనిమిది అంగుళాలు

జూన్ 9
సుజాత పోయి ఎనిమిదో నెల. కాలేజీ తెరిచారు. నిరాలి, నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి, ఉదయమే ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టింది. మా తాపీ నది వరద నమూనా. పిల్లలు తెర మీద వాన పెంచితే, నది పక్క అమ్రోలిలో వాళ్ళ సొంత గల్లీలోకి నీళ్ళు ఎంత ఎత్తు వస్తాయో చూపిస్తుంది. సుజాతా నేనూ కలిసి చేసింది. ఇద్దరి పేర్లతో అచ్చయిన ఒకే ఒక్క వ్యాసం దాని గురించే.
నిజంగా వచ్చేదానికన్నా నీళ్ళు ఎక్కువ లేస్తున్నాయట. ప్రతి ఇంట్లోనూ.

జూన్ 10
ప్రోగ్రామ్ మొత్తం చూశాను. తప్పు లేదు.

జూన్ 12
ఉంది.
గోడల మీద పాత వరద మరకల ఎత్తులు సుజాత తన బడిపిల్లల చేత కొలిపించింది. నోటుబుక్కులో అన్నీ మూరల్లో. నేత ఇళ్ళ పిల్లలు — టేపు కోసం ఎందుకు వెతుకుతారు. నేను ఒక్క వరుసలో మూరకి పద్దెనిమిది అంగుళాలని రాసి ముందుకు పోయాను.
పదేళ్ళ పిల్లల చేతులు.

జూన్ 13
గుర్తొస్తోంది. వంటింట్లోంచి సుజాత అంది — "పిల్లల చేతులతోని కొలిచినం, జర చూసుకోండ్రి..."
ఊఁ అన్నాను. తెర వైపు చూస్తూ.

జూన్ 15, ఆదివారం
మళ్ళీ కొలుద్దామని గల్లీకి వెళ్ళాను. మరకలు లేవు. టైల్స్, కొత్త రంగులు. శ్రావణి ఇల్లు దొరికింది. అప్పుడు సుజాత దగ్గర ఐదో తరగతి, ఇప్పుడు కాలేజీ. వాళ్ళ నాన్న రాజేశం మగ్గం పని. సంగతి విని నవ్వాడు.
"గింత సదువు సదివి గిదేంది సారూ? మా తాత బట్ట కొననీకి పొడుగు చేతులోన్ని తీస్కపోయేటోడు, అమ్మనీకి పొట్టి చేతులోన్ని. మూర అంటే ఎవలి మూర అని అడగాలె గదా."
శ్రావణి నవ్వలేదు. తమకి అందినంతవరకే తాము కొలిచామంది. ఆ పైన మేడమే, స్టూలెక్కి, తన చేత్తో. ఏ గోడ మీద ఎవరివి ఎన్ని మూరలు —
"యాదికి లేదు సార్."

జూన్ 16
ఆమె మూర ఎంత?
ఇరవై రెండేళ్ళు పక్కన ఉన్న చెయ్యి. చివరి వారం, సెలైన్ సూదితో, రోజంతా నేను పట్టుకు కూర్చున్న చెయ్యి.
తెలీదు.

జూన్ 18
సగటు చెయ్యి ఒకటి అనుకుని సరిదిద్దుదాం, ఎవరు అడుగుతారు సార్ అంది నిరాలి. పైగా నీళ్ళు ఎక్కువ చూపిస్తే పిల్లలు ఇంకా జాగ్రత్తపడతారట.
పడరు. మేడ మీద కూర్చుంటే సరిపోయే ఇంటివాళ్ళని కూడా, నీళ్ళలోకి దిగి బయటికి పొమ్మని చెబుతోంది మా నమూనా.
వ్యాసం వెనక్కి తీసుకోవాలి. ఆమె పేరున్న అచ్చుకాగితం ఇంకొకటి లేదు.

జూన్ 19
ఏమీ చేయలేదు. వాన.

జూన్ 20
పత్రికవాళ్ళ ఫారం నింపాను. కారణం: కొలతల మార్పిడిలో తప్పు. ఎవరిది: నాది.
పంపాను. గంటలో జవాబు. రచయితలందరి అనుమతీ కావాలట, ఎవరి లింకు వాళ్ళకి పంపారట. గడువు సోమవారం. కింద చిన్న అక్షరాల్లో — రచయితల్లో ఎవరైనా మరణించి ఉంటే ఇక్కడ తెలపండి. పక్కన ఒక గడి.

జూన్ 21
సుజాత ఫోన్ ఛార్జింగ్ పెట్టి తెరిచాను. వచ్చి ఉంది. ప్రియమైన సుజాత గారికి, అని.
రెండే గడులు. ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోవడం లేదు.
ఇక్కడ నొక్కితే నా తప్పుకి ఆమె చేత సంతకం పెట్టించినట్టు. అక్కడ, నాకొచ్చిన జవాబు కింది గడి నొక్కితే...
టీ చల్లారింది. ఆమె ఫోనూ నా ల్యాప్‌టాపూ, రెండూ తెరిచే ఉన్నాయి.