కోడి కాలికి నీలం దారం

జహీరాబాద్,
డిసెంబరు మొదటివారం.

చిరంజీవి క్రాంతికి,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలని రాయబోయి ఆగాను. ఆ కొండల మీద డ్యూటీలో నీకున్న చలి చాలు. వెచ్చగా కాపాడాలని రోజూ మోకరించి అడుగుతున్నాను. ఇక్కడ నేను, మీ నాన్న, మన పుంజులు అందరం కులాసా. నీ భార్య సుష్మ కూడా బాగానే ఉంది.

ఈ సంగతులు ఫోన్లో చెప్పేవి కావు. మన ఇంట్లో ఫోన్ మాట్లాడితే గోడలే కాదు, వంటింట్లో గిన్నెలు కూడా వింటాయి. సుష్మ బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళిన సమయం చూసి రాస్తున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తే కాగితం బైబిల్లో దాచేస్తాను. నవ్వకు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మీ నాన్న మోకాలు నొప్పి తగ్గిందంటాడు. దవాఖానలో ఇచ్చిన మాత్రలు రోజూ వేసుకుంటున్నానని కూడా అంటాడు. నేను నమ్మను. డబ్బా ఊపి చూస్తే మొన్న ఎంత చప్పుడు చేసిందో ఇవాళా అంతే చేస్తోంది. సుష్మ ఫోన్లో ముభావంగా ఉంటోంది, జ్వరమా అని అడిగావు. దానికి జవాబు కింద రాస్తాను, తొందరపడకు.

ఇక మూడోది. క్రిస్మస్‌కు సెలవు దొరికింది, వస్తున్నాను, నువ్వు కష్టపడకుండా రాజేశ్వర్ చికెన్ సెంటర్ నుంచి బాయిలర్ తెచ్చి వండేయమని రాశావు. ఆ ముక్క చదివి నా ఒళ్ళు మండింది. బాయిలర్ కోడి నెల దాటగానే కత్తికి సిద్ధం. సరిగ్గా నడవడం రాకముందే బరువెక్కుతుంది. వండితే మసాలా రుచే తప్ప కోడి రుచి ఎక్కడుంటుంది? మీ నాయనమ్మ పెట్టిన పద్ధతి నీకు తెలియనిది కాదు. ఈస్టర్ ఆరాధన నుంచి రాగానే పెట్టను పొదగేయాలి, ఆ పిల్లలే పెరిగి క్రిస్మస్ పులుసు కావాలి. మధ్యలో దాణా ముట్టించకూడదు. చీమలు, పురుగులు, గడ్డి గింజలు తమ కష్టం మీద తాము ఏరుకుని తినాలి. కుక్కను చూసి పరుగెత్తాలి, జామకొమ్మ ఎక్కి నిద్రపోవాలి. మనం పెట్టేది సాయంత్రం గుప్పెడు జొన్నలే, అదీ ఇంటికి రమ్మని పిలవడానికి. అలా తిరిగి తిరిగి పెరిగిన పుంజు కట్టెల పొయ్యి మీద సగం పొద్దు ఉడికితే గాని లొంగదు. ఆ పులుసులో జొన్నరొట్టె ముంచుకు తిని, వేళ్ళకున్న వాసన పోతుందని చేయి కడుక్కోనని ఏడ్చినవాడివి నువ్వే. ఇప్పుడు నాకు బాయిలర్ చెబుతున్నావు.

అయితే మన ఇంటి వెనక ఖాళీ జాగా ఇప్పుడు లేదు. నువ్వు వెళ్ళాక అంతా ప్లాట్లు చేసి చుట్టూ గోడలు కట్టేశారు. కోళ్ళకు కాలు పెట్టే చోటు లేదు. ఇలా మూలకు కూర్చుని పెరిగితే వీటికీ బాయిలర్‌కీ తేడా ఏముంటుందని నేను గొణుగుతుంటే, సుష్మ విని తాను తిప్పుకొస్తానంది. దసరా సెలవులు అయినప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం పుంజుల్ని గంపలో పెట్టుకుని వెళ్ళడం, పొద్దుగూకే వేళకు తిరిగి రావడం. ఎక్కడికి వెళ్తున్నావంటే రోడ్డు అవతలికి అంటుంది. రోడ్డు అవతల కర్ణాటక కూడా ఉంది కదా!

నువ్వే ఆలోచించు. ఆమె లింగాయతుల ఇంటి పిల్ల. పుట్టింట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాలేదు. అలాంటి పిల్లకు మన పుంజుల మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చింది? కోయడం ఇష్టం లేక ఎక్కడైనా వదిలేసి వస్తుందేమోనని మొదట అనుకున్నాను. వదిలేయలేదు, అన్నీ తిరిగొచ్చాయి. కానీ వచ్చినవి జొన్నలు ముట్టలేదు. పట్టుకుని చూస్తే ఒక్కొక్కదాని మెడ కింది తిత్తి నిమ్మకాయంత నిండి ఉంది. కాళ్ళకు నల్లరేగడి మట్టి. మన కాలనీ అంతా ఎర్రమట్టి కదా, ఈ నల్లమట్టి ఎక్కడిది? పైగా నెల తిరక్కుండానే రెక్కలు నిగనిగలాడుతున్నాయి. ఇవి మన పుంజులేనా అని నాకు అనుమానం పట్టుకుంది.

సుష్మ వెళ్ళే దారిలోనే ఉన్న చికెన్ సెంటర్ రాజేశ్వరే మంచి పుంజుల్ని ఉంచుకుని ఫారం కోళ్ళను గంపలో పెడుతున్నాడని తేల్చుకున్నాను. ఒకరోజు పొద్దున్నే, సుష్మ లేవకముందు, అన్ని పుంజుల కాళ్ళకూ కుట్టుమిషన్ మీది నీలం దారం బిగించి కట్టాను. మీ నాన్న జామచెట్టు కింద పళ్ళు తోముకుంటూ చూసి, “కోడికి ఆకలైతే పురుగును ఏరుకుంటది. నీకేం తోచకుంటే మనిషిని ఏరుకుంటవు” అన్నాడు. సాయంత్రం దారాలన్నీ కాళ్ళకే ఉన్నాయి. అంటే రాజేశ్వర్ తప్పు లేదు. అయినా అతని మీద ఒక కన్ను వేసే ఉంచాను. దొంగతనమైతే అర్థముంది. పరాయి కోళ్ళను ఉత్త పుణ్యానికి కడుపునిండా మేపేవాళ్ళు ఎవరుంటారు? అందుకని పోయిన మంగళవారం సుష్మ వెనకాలే వెళ్ళాను.

ఇంతవరకూ నీకు కోళ్ళ కథ చెబుతూ వచ్చింది ఈ ఒక్క మాట రాయడానికి ధైర్యం చాలకే. సుష్మకు జ్వరం లేదు క్రాంతీ. నా వల్లే అలా ఉంది.

బైపాస్ దాటాక మొగుడంపల్లి వైపు కందిచేను ఉంది చూడు, అక్కడ ఆగింది. గంప దించి పుంజుల్ని వదిలింది. చేనులో ఒక పెద్దమనిషి కందిచెట్లను పట్టుకుని దులుపుతున్నాడు. కాయలు తొలిచే పచ్చపురుగులు జలజల కింద పడుతుంటే మన పుంజులు ఆయన కాళ్ళ చుట్టూ తిరిగి ఏరుకు తింటున్నాయి. ఆయన ముందుకు కదిలితే ఇవీ కదులుతున్నాయి. సుష్మ గట్టు మీద కూర్చుని నవ్వుతూ ఏదో చెబుతోంది. ఆయన ఇటు తిరిగితే గుర్తుపట్టాను. చెన్నబసప్ప, ఆమె నాన్న. మీ పెళ్ళయిన నాటి నుంచి కూతురి ముఖం చూడని మనిషి.

నువ్వేమో కొండల్లో ఉన్నావు. వాళ్ళు మెల్లగా పిల్లను తమ వైపు తిప్పుకుంటున్నారు, నువ్వు వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంటుంది, ఇదీ నా భయం. ఆ భయంతో చేనులోకి నడిచి, కూలీకి వచ్చిన ఆడవాళ్ళంతా వింటుండగా అరిచాను.

“తినని ఇంట్ల కోళ్లను మేపుతున్నరంటే ఏదో మతలబు ఉంటది. మేతేసి కోళ్లను మచ్చిక చేసినట్టు మా కోడల్ని గూడ మర్లగొట్టుకుందామని చూస్తున్నరా?”

ఆయన దులుపుతున్న చెట్టును వదిలాడు. పుంజుల్ని ఒక్కొక్కటిగా పట్టి గంపలో పెట్టి, చూసుకుని తీసుకుపొమ్మన్నాడు. తర్వాత కూతురి వైపు చూసి, “రేపటి సంది రాకు బిడ్డా. నీ ఇంట్ల లొల్లి వద్దు” అని మళ్ళీ చెట్ల మధ్యకు వెళ్ళిపోయాడు.

దారంతా సుష్మ గంప ఎత్తుకుని నాకన్నా ముందు నడిచింది. ఇంటికి వచ్చాక చెప్పింది. మొదట కోళ్ళను తిప్పడానికి ఎక్కడా జాగా దొరక్క ఆ గట్టు మీదికి వెళ్ళిందట. తండ్రి, ఆమె మాటలో అప్ప, చూసీ చూడనట్టే ఉన్నాడట. ఒకరోజు పుంజులు వాటంతటవే చేనులోకి దూకి పురుగుల్ని తింటుంటే, ఆయన చెట్టు దులపడం మొదలుపెట్టాడట. సాయంత్రం వెళ్ళేటప్పుడు, దూప అయితలేదా, నీళ్ళు తాగి పో అన్నాడట. పెళ్ళయ్యాక అదే మొదటి మాట. పోయిన వారం క్రిస్మస్‌కు రమ్మని అడిగితే కాదనలేదట. నాకు ముందే ఎందుకు చెప్పలేదని నిలదీశాను. చెబితే పుట్టింటికి వెళ్ళిపోతుందని మీరు అనుకుంటారని భయపడ్డాను అంది. నేను అనుకున్నది అదే కదా!

“మా అప్ప నాతోని మాట్లాడింది ఈ కోళ్ల ముంగటనే, అత్తమ్మా. ఇగ ఏం సాకు పెట్టుకోని పోవాలె నేను?”

ఈ మాట అని రొట్టెలు చేయడానికి లేచింది. అప్పటి నుంచి పని అంతా చేస్తోంది, అడిగినదానికి జవాబిస్తోంది, అంతే. మధ్యాహ్నం కాగానే పుంజులు గేటు దగ్గరికి వచ్చి నిలబడుతున్నాయి. ఆమె వాటి వైపు చూడదు. నేను చేసింది తప్పు బాబూ. నాకు సిగ్గుగా ఉంది. మెట్ల మీద చప్పుడవుతోంది, ఉంటాను.

రెండు రోజుల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. తప్పు చేసిన నోరే వెళ్ళి చెప్పుకోవాలని మీ నాన్న అన్నాడు. నిన్న గంప నేనే ఎత్తుకున్నాను. ఈ వయసులో బైపాస్ దాటేసరికి మెడ పట్టేసింది. చెన్నబసప్ప చెట్ల కింద పాత చీర పరిచి, దాని మీదికి పురుగుల్ని దులిపి, మూట కట్టి గట్టు అవతల పారబోస్తున్నాడు. నేను గంప తెరిచాను. పుంజులకు నా మానాభిమానాలతో ఏం పని? పరుగున వెళ్ళి ఆయన్ని చుట్టుకున్నాయి.

“నోరు జారిన అన్నా. పిల్ల మీ ఇంటికి మర్లిపోతదేమోనని బుగులు పడ్డ” అన్నాను.

ఆయన చెట్టు దులుపుతూనే ఉన్నాడు. వెనక్కి వెళ్ళిపోదామనుకుంటుండగా వంగి ఎర్రపుంజును పట్టుకున్నాడు. ఇదెందుకు కుంటుతోందని అడిగాడు. నేను గమనించనే లేదు. కాలు లావెక్కే కొద్దీ నేను కట్టిన దారం చర్మంలోకి దిగిపోయింది. చుట్టూ వాచి, నీలం రంగు కూడా కనపడటం లేదు. ఆయన గట్టు మీద కూర్చుని, పుంజును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, కొడవలి మొనతో మెల్లగా ఆ దారం తెంపాడు. మాంసం ముట్టని మనిషి మన పండుగ కూరకు పెంచిన కోడి కాలిని అలా పట్టుకుని కూర్చుంటే నాకు ఏడుపు వచ్చింది.

“ఎవలు కట్టిన్రు?”

“నేనే. గుర్తుకు.”

“కోడికి గుర్తెందుకక్కా? ఎంత దూరం తిరిగినా, పొద్దుగూకితే తన ఇల్లేదో దానికి ఎర్కనే.”

అక్కా అన్నాడు క్రాంతీ. ఈ సంబంధం కలిశాక మొదటిసారి.

క్రిస్మస్‌కు రమ్మని నా నోటితో పిలిచాను. వేరే పొయ్యి మీద, కొత్త కుండలో పప్పు వండిస్తానని, మాంసం వాసన తగలకుండా విడిగా వడ్డిస్తానని చెప్పాను. చూస్త అన్నాడు. చూస్త అంటే వస్తాననా, రాననా? రాత్రి నుంచి అదే ఆలోచిస్తున్నాను. వచ్చేటప్పుడు గంపలో పచ్చి కందికాయలు పోసి పంపాడు. ఇంటికి రాగానే ఒక్కొక్కటీ విప్పి చూశాను. ఒక్కదాంట్లోనూ పురుగు లేదు.

మిగతా పుంజుల దారాలు కూడా కోసేశాను. ఎర్రదాని కాలికి పసుపు పెడుతున్నాం. దాన్ని ఈ పండుగకు కోయబోమని సుష్మకు చెప్పాను. నువ్వు కాలు ముక్క కోసం పేచీ పెట్టకు, ఇంకా పుంజులున్నాయి.

ఇవాళ మధ్యాహ్నం సుష్మ మళ్ళీ గంప ఎత్తుకుంది. ఎక్కడికని నేను అడగలేదు. వెళ్తూ పోస్టాఫీసు మీదుగా వెళ్తాను, ఉత్తరం ఇవ్వండి అత్తమ్మా అంది. ఉత్తరం రాస్తున్నట్టు ఆమెకెలా తెలుసో! జిగురు సీసా పక్కనే ఉంది, అయినా కవరు అంటించకుండానే ఆమె చేతికి ఇస్తున్నాను. చదివితే చదవనీ. చదివావా అని నేను అడగను. అడగకుండా ఉండటం నాకెంత కష్టమో నీకు తెలుసు.

ఇట్లు,
కట్టిన దారాలన్నీ విప్పేసిన
మీ అమ్మ, కృపమ్మ