లావు తీగ

అక్కాయ్,

మొన్న ఫోన్లో నువ్వు "ఇంట్లో ఆ చప్పుళ్ళేమిటే, బడి గానీ పెట్టారా?" అని అడిగితే నవ్వేసి ఊరుకున్నాను. ఆయన నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు మరి. మా రెండు గదుల ఇంట్లో ఒకరికి తెలియకుండా ఇంకొకరు తుమ్మడానికి కూడా వీలుండదు. అందుకే ఈ ఉత్తరం. దుకాణంలో కళ్ళద్దాల కోసం వచ్చేవాళ్ళు పలచబడ్డాక, గాజు బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

ఆ చప్పుళ్ళు బేస్ గిటార్లవి. ఒకటి కాదు, బోలెడు. పెళ్ళికి ముందు నుంచీ ఆయన వాయిస్తున్న నల్లటిది ఉండేది చూడు, నువ్వు దాన్ని నా సవతి అని ఏడిపించేదానివి. దాన్ని అమ్మేశాడు. నన్నొక్క మాటైనా అడగలేదు. దాని లావు తీగ శ్రుతిలో నిలబడటం లేదన్నాడు. బేస్‌కి ఉండే నాలుగు తీగల్లో అన్నిటికన్నా మందంగా మోగేది అదే. పాటలో అది ఉన్నట్టే తెలియదు గానీ, ఆగిపోతే మాత్రం కాళ్ళ కింది నేల ఎవరో లాగేసినట్టు ఉంటుందని పెళ్ళైన కొత్తలో నాకు చెప్పాడు. నాకు సంగీతం గురించి తెలిసింది ఆ ఒక్క ముక్కే.

నల్లటిది పోయాక, వాడిన వాయిద్యాలు అమ్మే షాపు నుంచి ఎర్రటిది తెచ్చాడు. వారం తిరక్కుండానే దాని మెడ వంగిందన్నాడు. అది ఇచ్చేసి ఇంకొకటి తెచ్చుకున్నాడు. అది కూడా నచ్చలేదు. ఇప్పుడు ఆదివారాలు మాకు షికార్లంటే ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళడమే. ఎవరు పాత బేస్ అమ్ముతామని ప్రకటన ఇస్తే వాళ్ళింటికి. నన్ను కూడా రమ్మంటాడు. పక్కన ఇంకో మనిషి చెవి ఉండాలట.

కిందటి వారం ఒక పళ్ళ డాక్టరు గారింటికి వెళ్ళాం. ఆయన సరదా పడి కొనుక్కున్నాడు గానీ నేర్చుకోవడానికి తీరిక చిక్కలేదు. గిటార్ పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. ఈయన మన గిటార్ ఒకసారి, ఆయన గిటార్ ఒకసారి, అదే ముక్క మార్చి మార్చి వాయించాడు. గిటార్ మెడ మీద ఉండే మెట్టు మెట్టుకీ ఆగుతాడు, తల ఒక పక్కకి వంచి వింటాడు. చివరికి నా వైపు తిరిగి, "విన్నావా, లావు తీగ ఐదో మెట్టు దగ్గర జారుతోంది" అన్నాడు. నాకేమీ వినపడలేదు. కానీ "అవును, కొంచెం" అన్నాను. డాక్టరు గారికి కోపం వచ్చింది. "నేను దాన్ని ముట్టుకుంటే కదండీ, జారడానికి" అన్నాడు. ఆయన ముఖం చూసి జాలేసిందో ఏమో, ఈయన దాన్ని కొనేశాడు. ఇంటికి తెచ్చాక నాలుగు రోజులు పొగిడాడు. ఐదో రోజు నుంచి మళ్ళీ అదే పాట.

వాళ్ళ బ్యాండులో డ్రమ్ములాయన ఉన్నాడు కదా, నోటికి తాళం లేని మనిషి. మొన్న మా ఇంటికొచ్చినప్పుడు గోడకి ఆనించిన మూడు గిటార్లనీ చూసి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది రా నీ వరస" అన్నాడు. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. ఆయన మాత్రం లేచి వెళ్ళి కిటికీ తలుపులు వేశాడు. గాలేమీ రావడం లేదు అక్కాయ్, అయినా వేశాడు.

నన్ను తొలుస్తున్నది గిటార్ల ఖర్చు కాదు. వినపడనిదాన్ని వినపడిందని ఎందుకు అన్నానా అని.

నీ,
పిచ్చుక

*

అక్కాయ్,

నీ జవాబు చదివాను. మగాళ్ళకి ఆ వయసులో ఏదో ఒక పిచ్చి పడుతుంది, దానంతటదే వదులుతుంది అని రాశావు. బావగారి చేపల తొట్టె సంగతి చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇది కూడా అలాంటిదే అయితే ఎంత బాగుండేది.

శ్రుతి చూపించే చిన్న యంత్రం ఒకటి ఉంటుంది. గిటార్ తలకి తగిలిస్తే, తీగ సరిగ్గా ఉంటే ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. మొన్న పొద్దున్న ఆయన తీగ మీటి యంత్రం వైపు చూస్తున్నాడు. పచ్చగా వెలిగింది. ఆయన తీగ బిగించే మర కాస్త తిప్పాడు, ఎర్రబడింది. మళ్ళీ మొదటికి తెచ్చాడు. "ఇది పాడైంది" అని బజారుకి వెళ్ళి కొత్తది కొనుక్కొచ్చాడు. రెండూ పక్కపక్కన తగిలించాడు. రెండూ పచ్చగానే వెలిగాయి. ఆయన ఆ రెండు దీపాల వంక అలా చూస్తూ ఉండిపోయాడు. నేను బట్టలు మడత పెడుతూ గుమ్మంలో నిలబడ్డాను. మా దుకాణానికి కొందరు వస్తారు, అద్దాలు బాగాలేవంటూ పదే పదే మార్పించుకుంటారు. మూడోసారి వస్తే మేం ఇంక అద్దాలు మార్చం, కంటి డాక్టరు దగ్గరికి పంపిస్తాం. అది గుర్తొచ్చి చేతిలో చొక్కా పక్కన పెట్టేశాను.

తలుచుకుంటే ఒక్కొక్కటీ కలిసింది. రోడ్డు మీద నడిచేటప్పుడు నన్ను ఎప్పుడూ కుడి పక్కనే ఉంచుకుంటాడు. ఫోను కుడి చెవికే పెట్టుకుంటాడు. అప్పుడప్పుడు కళ్ళు తిరిగి గోడ పట్టుకుంటే, ఆకలి వల్ల అనుకునేదాన్ని.

నాకే చెవి పోటుగా ఉందని అబద్ధమాడి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ పేర్లు రాసుకునే అమ్మాయి నన్ను చూడనైనా లేదు. ఆయన వైపు తిరిగి, "పాత రిపోర్టు తెచ్చారా?" అంది. అక్కాయ్, ఆయన అప్పటికే అక్కడికి వచ్చాడు. నాకన్నా ముందే, నల్లటి గిటార్ అమ్మకముందే. ఏ వంకతో తీసుకెళ్ళాలా అని నేను నానా తంటాలు పడుతుంటే, నా పక్కన నోరు మూసుకుని నడిచొచ్చాడు.

వచ్చాం కాబట్టి మళ్ళీ పరీక్ష చేశారు. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించారు. శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కాలి. బయట నుంచి చూస్తున్నాను. నొక్కకుండా చాలాసేపు కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి ఏమీ రాకుండానే నొక్కాడట, ఊహించి. డాక్టరు నిమ్మళంగానే చెప్పాడు. ఎడమ చెవిలో మందమైన స్వరాలు ముందు పోతున్నాయి. ఉన్నవి కూడా ఒక చెవికి ఒక ఎత్తులో, రెండో చెవికి ఇంకో ఎత్తులో వినిపిస్తాయి. కొన్ని రోజులు మేలుగా ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. ఉప్పు తగ్గించాలి. కళ్ళు తిరగడానికి మందు ఉంది, పోయిన వినికిడిని తెచ్చే మందు లేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఎందుకు చెప్పలేదని అడిగాను. "గిటార్ బాగాలేదంటే గిటార్ మార్చుకోమంటారు. చెవి బాగాలేదంటే మనిషిని మార్చుకుంటారు" అన్నాడు. కొత్త గిటార్ పట్టుకెళ్ళిన ప్రతిసారీ చెయ్యి కుదిరేదాకా ఎవరూ ఏమీ అనరు, అది చాలు అన్నాడు. అంటే ఇన్నాళ్ళూ ఆయన వెతికింది మంచి గిటార్ కోసం కాదు అక్కాయ్, నాలుగు రోజుల గడువు కోసం. పళ్ళ డాక్టరు గారింట్లో నేను "అవును" అన్నప్పుడు ఆయనకి ఎలా ఉండి ఉంటుందో. నిజంగానే జారిందేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాడట.

బ్యాండులో ఎవరికీ చెప్పనని నా చేత మాట తీసుకున్నాడు. ఇచ్చాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నీ ముందు తప్ప ఇంకెక్కడ చించుకోను?

నీ,
పిచ్చుక

*

అక్కాయ్,

ఇది తొందరగా రాస్తున్నాను. దుకాణం మూసే వేళైంది.

బ్యాండు మాస్టారు నిన్న కళ్ళు పరీక్ష చేయించుకుంటానని వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాల బోర్డు చూపిస్తే, చివరి వరస దాకా గడగడా చదివేశాడు. మీకు అద్దాలు అక్కర్లేదండీ అంటే, "తెలుసమ్మా" అని తల దించుకున్నాడు.

వాళ్ళకి తెలుసు. అందరికీ తెలుసు. ఆయన శ్రుతి తప్పుతున్నాడని చాలా రోజుల క్రితమే పట్టుకున్నారు. నోరు తెరిచి చెప్పలేక ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆయన వెనకున్న స్పీకరు పెట్టెలో గిటార్ ఆయనకి వినపడేంత మోగుతుంది, బయటి స్పీకర్లకి మాత్రం ఆయన వైరు కలపరు. కీబోర్డు వాయించే ఆయన ఎడమ చేత్తో బేస్ కూడా తనే వాయిస్తాడు. తమకేమీ తెలియనట్టు ఉండటం కోసం డ్రమ్ములాయన కావాలనే మద్దెల సామెత వేశాడట, ఎప్పటిలా వేళాకోళం ఆడకపోతే ఈయనకి అనుమానం వస్తుందని. "చెప్పకమ్మా, తట్టుకోలేడు. మేమందరం కలిసి ఎదిగినవాళ్ళం" అన్నాడు మాస్టారు. మాస్టారికి కూడా మాట ఇచ్చాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు.

మనసాగక, నిన్న సాయంత్రమే దుకాణం కాస్త ముందుగా వదిలి, వాళ్ళు వాయిస్తున్న హాలుకి వెళ్ళాను. గుమ్మం దగ్గర, కుర్చీలు సర్దే వాళ్ళ వెనక నిలబడ్డాను. ఆయన కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బి చొక్కా తడిసిపోయింది. లావు తీగ మీద బొటనవేలు ఎంత జాగ్రత్తగా పెడుతున్నాడో, పసిపిల్ల నుదుటి మీద పెట్టినట్టు. ఆ హాలు మొత్తంలో ఆయన వాయించిన ఒక్క స్వరం కూడా లేదు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన తల వంచి దణ్ణం పెట్టాడు.

బస్సు ఎలా ఎక్కానో, ఎక్కడ దిగానో తెలియలేదు.

నీ,
పిచ్చుక

*

అక్కాయ్,

చాలా రోజులకి రాస్తున్నాను. తిట్టుకోకు.

పాత వాయిద్యాల షాపాయన ఇంక మార్పిడి కుదరదన్నాడు. బాగున్న గిటార్లే తీసుకెళ్ళి బాగాలేవని తెస్తుంటే తన వ్యాపారం ఏం కావాలని. అందుకని ఈయన ఇంట్లో ఉన్న మూడూ తనే అమ్ముతానని ప్రకటన ఇచ్చాడు. వాటి డబ్బుతో ఇంకొకటి కొనాలని.

ఆదివారం ఒకమ్మాయి వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. తోటివాళ్ళతో కలిసి బ్యాండు పెట్టుకుంటోందట, అరువు తెచ్చుకున్న గిటార్ వెంటబెట్టుకుని వచ్చింది, పోల్చి చూసుకోవడానికి. సిగ్గు సిగ్గుగా ఒక్కొక్కటీ వాయించింది. పళ్ళ డాక్టరు గారి గిటార్ దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల ముఖం వెలిగింది. నాక్కూడా తెలిసింది, అది వేరని. నేల మీద పెట్టిన నా అరికాళ్ళలోకి వచ్చింది ఆ మోత.

అప్పుడు ఆ పిల్ల అడిగింది. "ఇంత బాగుంది కదండీ, ఎందుకు అమ్ముతున్నారు? లోపమేమైనా ఉందా?"

కొనేవాళ్ళు ఎవరైనా అడిగే మాటే. ఆయన నోరు తెరిచాడు. లావు తీగ జారుతుందని రోజూ చెప్పే మాటే చెప్పబోయాడు, చెప్పేశాడు కూడా, సగం. ఆ పిల్ల వెంటనే గిటార్ ఒళ్ళోంచి దించేసింది. "మీరు ఇంతకాలం వాయించినవాళ్ళు. మీకు వినపడింది నాకు వినపడలేదంటే నా చెవే అంత పనికిరానిది అనుకుంటాను" అంది. నిజంగానే అనుకుంది అక్కాయ్. తన చెవిని తనే చేత్తో ఒకసారి తడుముకుంది.

ఆయన ఆ పిల్ల చెయ్యి వంక చూశాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఏ మాట అన్నా ఎవరో ఒకరికి ఇచ్చిన మాట తప్పినట్టే.

"గిటార్‌లో లోపం లేదమ్మా" అన్నాడు ఆయన. "నాకు ఎడమ చెవి పోయింది. కుడిది కూడా పోతోంది. నీ చెవి బంగారం. తీసుకో దాన్ని."

అంతే. ముక్కూ మొహం తెలియని పిల్లకి చెప్పాడు, కట్టుకున్నదానికి తన నోటితో చెప్పని మాట. ఆ పిల్ల ఓదార్చలేదు, నర్సు కదా. ఎప్పటి నుంచి, కళ్ళు తిరుగుతాయా, చెవిలో హోరు వినపడుతుందా అని మామూలుగా అడిగింది. ఆయన కూడా మామూలుగా జవాబులు చెప్పాడు. వెళ్ళేముందు ఇంకోసారి వాయించమన్నాడు. గిటార్ చెక్క మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఆ పిల్ల తప్పులు వాయించింది. ఆయన దిద్దలేదు.

మర్నాడు తనంతట తనే వెళ్ళి బ్యాండులో చెప్పి మానుకున్నాడు. మాస్టారు బతిమాలలేదట, కౌగిలించుకున్నాడట. ఆయన చోటికి ఇంకెవరో వచ్చేశారు. ఇప్పుడు పొద్దంతా ఇంట్లోనే ఉంటున్నాడు. ఏం చెయ్యాలో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. మేలుగా ఉన్న రోజున మిగిలిన రెంటిలో ఏదో ఒకటి తీస్తాడు. బాగాలేని రోజున వాటికి గుడ్డ కప్పేస్తాడు. డాక్టరు కుడి చెవి గురించి కూడా ఏ హామీ ఇవ్వలేదు. నేను గొంతు పెంచి మాట్లాడటం అలవాటు చేసుకుంటున్నాను, కోపంగా ఉన్నట్టు వినపడకుండా.

కానీ ఒక సంగతి చెప్పాలి నీకు. ఆ రోజు బ్యాండు నుంచి తిరిగొచ్చి, చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే కూర్చున్నాడు. ముఖంలో ఎన్నో నెలలుగా నేను చూడని కళ ఉంది.

"ఒక్కడికి కూడా అనుమానం రాలేదట" అన్నాడు. "డ్రమ్ములాయన అయితే నమ్మనే లేదు. మొన్న హాల్లో నువ్వు వాయించినట్టు ఇంకెవరు వాయించారు రా అన్నాడు. చెవి పోయినా, చెయ్యి ఆఖరి దాకా శ్రుతి తప్పలేదన్నమాట."

"అవునండీ" అన్నాను. ఈసారి ఆలోచించలేదు.

వచ్చే నెల నువ్వూ బావగారూ వస్తామన్నారు కదా. ఈ మాట మీకు కూడా తప్పకుండా చెబుతాడు, వచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నాడు. ఆయనకి కుడి పక్కన కూర్చోండి. చెప్పినప్పుడు ఆశ్చర్యపోవాలి అక్కాయ్. బావగారికి నటించడం చేతకాదు, ముందే చెప్పి ఉంచు.

నీ,
పిచ్చుక